గోడను బట్టి డ్రిల్లు

కార్డ్‌లెస్ డ్రిల్లు కొనాలనుకునేవాళ్లు ముందు ధర చూస్తారు, తర్వాత వోల్టులు చూస్తారు, ఆ తర్వాత పెట్టెలో ఎన్ని బిట్లు వస్తున్నాయో లెక్కపెడతారు. తమ ఇంటి గోడ దేంతో కట్టారో కనుక్కునేవాళ్లు చాలా తక్కువ. ఆ వరస తిరగేయాలని నా అభిప్రాయం. తక్కువ ధర డ్రిల్లు పనికొస్తుందా రాదా అన్నది సగం గోడే తేలుస్తుంది. మిగతా సగం బ్యాటరీ తేలుస్తుంది. పెట్టె మీద రాసిన పెద్ద పెద్ద అంకెలకు ఈ రెంటిలోనూ చోటు లేదు.

ఇంట్లో డ్రిల్లుతో పడే పనులు రెండు రకాలు. అల్మారా తలుపు బందులు బిగించడం, మంచం నట్లు ఊడదీయడం, దోమతెర ఫ్రేము కట్టడం, కొని తెచ్చిన షూ ర్యాకును కూర్చడం లాంటివి చెక్కతో, రేకుతో పని. వీటికి ఏ కార్డ్‌లెస్ అయినా చాలు. అసలు చిక్కు రెండో రకంతో వస్తుంది: కర్టెన్ రాడ్డు, గడియారం, దేవుడి పటాలు, నీళ్ల ఫిల్టరు, టీవీ స్టాండు. ఇవన్నీ గోడకే. మన ఇళ్లలో డ్రిల్లు అవసరమయ్యేది ఎక్కువగా వీటికోసమే కాబట్టి, డ్రిల్లును గోడ దగ్గరే పరీక్షించాలి.

తెలుగు నేల మీద గోడలు ఒక్క తీరుగా లేవు. పాత ఇళ్లు, గోదావరి, కృష్ణా తీరపు ఊళ్లలో ఇళ్లు ఎక్కువగా ఎర్ర ఇటుకవి. థర్మల్ కేంద్రాల బూడిద దండిగా దొరికే విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, రామగుండం, పాల్వంచ, విశాఖ పరవాడ చుట్టుపక్కల ఫ్లైయాష్ ఇటుక వాడకం బాగా పెరిగింది. హైదరాబాద్ అపార్టుమెంట్లలో తేలికగా ఉండే ఏఏసీ బ్లాకులు వచ్చాయి. ఎత్తైన టవర్లలో మివాన్ పద్ధతి అని బిల్డర్లు చెప్పే అల్యూమినియం చట్రాల్లో పోతపోసినవైతే, అక్కడ పడకగది గోడ కూడా కాంక్రీటే. ఒకే డ్రిల్లు ఈ నాలుగు ఇళ్లలో నాలుగు రకాలుగా పనిచేస్తుంది. కొన్నవాళ్లలో ఒకరు అద్భుతం అని, ఇంకొకరు దండగ అని రాయడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, గోడలే వేరు.

మీ గోడ ఏదో రాలే పొడే చెబుతుంది. ఏసీ బిగించేవాళ్లో, ఇంటర్నెట్ తీగ లాగేవాళ్లో ఇంటికి వచ్చి డ్రిల్లు పెట్టినప్పుడు పక్కన నిలబడి చూడండి. మొదట తెల్లటి పొడి రాలుతుంది, అది లప్పం. ఆ వెంటనే బూడిదరంగు, అది ప్లాస్టరింగు. లోపలి గోడకు అది 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందం ఉంటుంది గనుక, బిట్టు సెంటీమీటరు దాటి దిగేదాకా అసలు గోడ బయటపడదు. అక్కడి నుంచి ఎర్రపొడి వస్తే ఎర్ర ఇటుక. బూడిదరంగే వస్తున్నా బిట్టు ఆగకుండా దిగుతుంటే ఫ్లైయాష్. తెల్లగా, ముగ్గుపిండిలా జలజల రాలితే ఏఏసీ బ్లాకు. పొడి పిసరంత పిసరంత వస్తూ, బిట్టు కీచుమని, దాని మొన వేడెక్కి, చెయ్యి ఎంత నొక్కినా లోపలికి పోకపోతే కాంక్రీటు. మధ్యలో ఉన్నట్టుండి ఠంగుమని ఆగితే లోపలి ఇనుప చువ్వ తగిలిందని అర్థం. దాన్ని తొలిచే ప్రయత్నం చేయకుండా రెండంగుళాలు పక్కకు జరగాలి.

ఇటుక ఇల్లే అయినా కాంక్రీటు తప్పదు. కర్టెన్ రాడ్డు సంగతే తీసుకోండి. కిటికీ పైన లింటెల్ ఉంటుంది, అది కాంక్రీటు దిమ్మె. సాధారణంగా ఆరంగుళాల ఎత్తున, కిటికీకి రెండు పక్కలా గోడ మీదికి మరో ఆరంగుళాలు పోయి కూర్చుంటుంది. రాడ్డు క్లాంపులు బిగించడానికి మన చెయ్యి సరిగ్గా అక్కడికే పోతుంది. చిన్న డ్రిల్లు అక్కడ మొండికేస్తుంది, కొన్నవాళ్లు మిషన్‌ను తిడతారు. అదే క్లాంపును కిటికీ అంచుకు ఎనిమిది, తొమ్మిది అంగుళాల ఎడంగా గానీ, లింటెల్‌ను దాటి పైకి గానీ జరిపితే ఇటుక దొరుకుతుంది. పైగా రాడ్డు కాస్త వెడల్పుగా ఉంటే తెర పూర్తిగా పక్కకు పోయి గదిలోకి వెలుతురు బాగా వస్తుంది. కొన్ని ఇళ్లలో లింటెల్‌ను ఇంటి చుట్టూ పట్టీలా పోస్తారు. అక్కడ పక్కకు జరిగితే లాభం లేదు, పైకే పోవాలి.

ఇక మిషన్ విషయానికి వద్దాం. పెట్టె మీద ఉండే పేర్లు చాలామందిని తికమకపెడతాయి. డ్రిల్ డ్రైవర్ అంటే తిప్పడం మాత్రమే. ఇంపాక్ట్ డ్రిల్ అంటే తిప్పుతూ కొడుతుంది. లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ, బిట్టును సన్నగా, వేగంగా అదిలిస్తాయి. రోటరీ హ్యామర్ దారి వేరు: లోపల పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో ఒక దిమ్మెను బిట్టు వెనక కొట్టిస్తుంది. దానికి బిట్లు కూడా వేరు, గాళ్లు ఉండే ఎస్‌డీఎస్ రకం. ఈ ఎస్‌డీఎస్ పద్ధతిని బాష్ 1975లో తెచ్చింది. నాలుగోది ఇంపాక్ట్ డ్రైవర్. పేరులో ఇంపాక్ట్ ఉన్నా దాని దెబ్బ తిరిగే దిక్కులో పడుతుంది. బిగుసుకుపోయిన స్క్రూలకు, నట్లకు దివ్యంగా ఉంటుంది, గోడకు మాత్రం పనికిరాదు. గోడ కోసమని దీన్ని తెచ్చుకుని బాధపడేవాళ్లు ఉన్నారు. బాష్ మిషన్ల మీద ఉండే అక్షరాలు ఇక్కడ సాయపడతాయి: జీఎస్ఆర్ అంటే తిప్పేది, జీఎస్‌బీ అంటే తిప్పి కొట్టేది, జీబీహెచ్ అంటే రోటరీ హ్యామర్.

ఇంపాక్ట్ డ్రిల్లు నిమిషానికి ఇరవై వేల పైచిలుకు దెబ్బలు కొడుతుందని రాసి ఉంటుంది. రోటరీ హ్యామర్ మీద నాలుగైదు వేలే ఉంటుంది. అయినా కాంక్రీటులో గెలిచేది రోటరీ హ్యామరే. లెక్క దెబ్బల సంఖ్యలో లేదు, ఒక్కో దెబ్బ బలంలో ఉంది. ఇంపాక్ట్ డ్రిల్లు మన చేతి నొక్కుడు మీద ఆధారపడుతుంది, నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి ఎంతని నొక్కగలం? 12 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్లు ఎర్ర ఇటుకలో 6, 8 మిల్లీమీటర్ల చిల్లులు హాయిగా వేస్తుంది. కాంక్రీటులో ఓపిక పట్టి ఒకటో రెండో వేయించగలం గానీ అది రోజూ చేయించే పని కాదు. ఏఏసీ బ్లాకులో అసలు దెబ్బే వద్దు, దెబ్బకు బ్లాకు లోపల పొడిపొడై చిల్లు వదులవుతుంది. తిప్పుడు మాత్రమే పెట్టి, స్క్రూ పట్టడానికి చిల్లులో దించే ప్లగ్గు మామూలు కన్నా పొడుగాటిది వాడాలి.

బ్యాటరీ సంగతి ఇంతకన్నా ముఖ్యం. చేతిలో పట్టుకునే విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ తయారుచేసింది. తీగ లేని డ్రిల్లును 1961లో అమెరికాకు చెందిన బ్లాక్ అండ్ డెకర్ తెచ్చింది. నికెల్ కాడ్మియం సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇచ్చేది కాబట్టి ఆ రోజుల మిషన్లు బరువెక్కువ, సత్తువ తక్కువ. 2005 ప్రాంతంలో లిథియం అయాన్ బ్యాటరీలు ఈ పనిముట్లలోకి దిగాకే కార్డ్‌లెస్ మామూలు ఇళ్లకు అందుబాటులోకి వచ్చింది. లిథియం సెల్లు ఒక్కటే 3.6 వోల్టులు ఇస్తుంది. మూడు సెల్లులు కలిపితే 10.8, అయిదు కలిపితే 18. నిండా చార్జయిన క్షణంలో ఒక్కో సెల్లు 4.2 వోల్టులకు చేరుతుంది. అందుకే 10.8 వోల్టుల మిషన్‌ను 12 అని, 18 వోల్టుల దాన్ని 20 అని, 21 అని అమ్ముతారు. ఇంతవరకూ మోసమేమీ లేదు, చార్జయిన వేళ చూస్తే ఆ అంకె నిజమే.

మోసం ఆ పైన మొదలవుతుంది. ఆన్‌లైన్ అంగళ్లలో 48, 88, 98 అంకెలు వేసి అమ్మే కిట్లున్నాయి. ధర రెండు వేలలోపే. వీటిలో చాలావాటి లోపల ఉండేది అవే అయిదు సెల్లులు. దీన్ని పట్టుకోవడానికి బ్యాటరీ విప్పనక్కర్లేదు, చార్జరు మీది చిన్న అక్షరాలు చదివితే చాలు. అవుట్‌పుట్ అని ఉన్నచోట 12.6 ఉంటే లోపల వరుసలో మూడు సెల్లులు, 16.8 ఉంటే నాలుగు, 21 ఉంటే అయిదు. పెట్టె 48 అంటోంది, చార్జరు 21 అంటోంది, ఏది నమ్మాలి? చార్జరునే నమ్మాలి. సెల్లుల్ని మించిన వోల్టులు అది పంపితే ప్రమాదం గనుక, తయారీదారు అక్కడ అబద్ధం రాసే అవకాశం తక్కువ.

ఆంపియర్ అవర్ల సంగతీ ఇంతే. పనిముట్లలో వాడే 18650 రకం సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, దానిలో పట్టేది సుమారు ఒకటిన్నర నుంచి మూడు ఆంపియర్ అవర్ల లోపే. ఆ సెల్లులు అయిదే పట్టే చిన్న ప్యాకు మీద 6 ఆంపియర్ అవర్లని రాస్తే అది జరిగే పని కాదు. ఒక్కో సెల్లు 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. అయిదుకు బదులు పది సెల్లులుంటే చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. నిజాయితీగా పోల్చాలంటే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి: 10.8 వోల్టులు, 1.5 ఆంపియర్ అవర్లయితే 16 వాట్ అవర్లు. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లయితే 36. అంటే రెండోదానిలో రెట్టింపుకు మించి ఇంధనం ఉంది. ఇంకో సంగతి, లిథియం సెల్లులకు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బ్యాటరీ మీద ఆ ముద్ర లేకపోతే దాన్ని ఇంట్లో చార్జింగు పెట్టడానికి నేనైతే ఒప్పుకోను.

ఇప్పుడు బజారు. ధరలు పండగ సేల్సుతో కిందా మీదా అవుతుంటాయి కాబట్టి వీటిని ఉజ్జాయింపుగా తీసుకోండి. అట్టడుగున పన్నెండు వందల నుంచి రెండు వేల దాకా, పేరూ ఊరూ లేని కిట్లు. చెక్కపనికి కొన్నాళ్లు నడుస్తాయి. బ్యాటరీ పోయిన రోజున అదే ఆకారం బ్యాటరీ ఎక్కడా దొరకదు, అక్కడితో మొత్తం కిట్టు చెత్తబుట్టకే. రెండో మెట్టు రెండున్నర వేల నుంచి నాలుగు వేలు: ఐబెల్, చెస్టన్, ఇంగ్‌కో లాంటి పేర్లు. మిషన్లు ఫర్వాలేదు, విడి బ్యాటరీ దొరుకుతుందా అన్నది మోడల్‌ను బట్టి. మూడో మెట్టు నాలుగు నుంచి ఆరేడు వేలు: బాష్ నీలం రంగు 12 వోల్టుల రకాలు, బ్లాక్ అండ్ డెకర్, స్టాన్లీ. ఈ చివరి రెండూ, డీవాల్ట్ కూడా, ఒకే కంపెనీ గొడుగు కిందివి. ఆ పైన 18 వోల్టుల బ్రష్‌లెస్ మిషన్లు. మోటారులో కార్బన్ ముక్కలు అరిగే బెడద లేదు, అదే బ్యాటరీతో ఎక్కువ పని చేస్తాయి. కానీ ఏడాదికి ఇరవై ముప్పై చిల్లులు వేసే ఇంటికి ఆ ముక్కలు అరగడానికే ఎన్నో ఏళ్లు పడుతుంది. బ్రష్‌లెస్ కోసం అదనంగా పెట్టే డబ్బును రెండో బ్యాటరీ మీద పెట్టడం మేలు.

కొనేముందు దుకాణంవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "ఈ బ్యాటరీ విడిగా ఎంత? రేపొస్తే ఇస్తారా?" సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, కోఠి ట్రూప్ బజార్‌లోనో పనిముట్లు అమ్మే అంగళ్లలో ఇది అడిగితే మంచి దుకాణదారు వెంటనే ధర చెబుతాడు. అది చాలాసార్లు కిట్టు ధరలో సగం దాకా ఉంటుంది. అది విని గుండె గుభేలుమన్నా, దొరుకుతుంది అన్న మాటకు ఆ విలువ ఉంది. "బ్యాటరీ పోదు సార్" అన్నాడంటే అక్కణ్నుంచి కదలండి. బ్యాటరీ పోతుంది. నాలుగైదేళ్లకు సత్తువ తగ్గడం దాని స్వభావం.

అంగట్లో చేతికిస్తే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. 3 లేదా 4 మిల్లీమీటర్ల సన్న బిట్టు చక్‌లో బిగించమని చెప్పి, మెల్లగా తిప్పి దాని మొన వైపు చూడండి. మొన ఒక్క చోట నిలిచి తిరగాలి. సున్నా చుడుతూ ఊగుతుంటే చక్ వంకర, ఆ మిషన్‌తో గోడకు వేసే చిల్లు ఎప్పుడూ అనుకున్నదానికన్నా పెద్దదవుతుంది, ప్లగ్గు ఊగుతుంది. ట్రిగ్గర్‌ను వేలితో పిసరంత నొక్కితే పిసరంతే తిరగాలి, ఒక్కసారిగా ఉరికితే ఆ స్విచ్ నాసిరకం. పైన 1, 2 గేర్లు ఉండాలి: ఒకటి స్క్రూలకు, రెండు చిల్లులకు. ముందుండే అంకెల ఉంగరం ఎంత బిగువు దగ్గర ఆగాలో చెబుతుంది. పార్టికల్ బోర్డులో బందులు బిగించేటప్పుడు చిన్న అంకె నుంచి మొదలుపెట్టకపోతే స్క్రూ గింగిరాలు తిరిగి బోర్డు నోరు వెళ్లబెడుతుంది. ఇక తిప్పే బలాన్ని చెప్పే న్యూటన్ మీటర్ల విషయం: 12 వోల్టుల తరగతిలో 20 నుంచి 30 దాకా ఉంటే ఇంటికి ధారాళం. చక్ 10 మిల్లీమీటర్లది చాలు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో డ్రిల్లు తెప్పించుకోవడం మనవాళ్లలో మామూలే. అక్కడ ధరలు నిజంగానే ఊరిస్తాయి. కానీ అక్కడి ఇల్లు చెక్క చట్రం, పదహారంగుళాలకొక నిలువు దూలం, వాటి మీద అరంగుళం మందం జిప్సం పలక. ఆ గోడకు దెబ్బ కొట్టే మిషన్ అవసరమే లేదు, అందుకే అక్కడ చవగ్గా దొరికేవాటిలో ఎక్కువ భాగం తిప్పేవే. యూట్యూబ్‌లో అమెరికన్లు చేసే పోటీలు ఎక్కువగా పొడుగాటి స్క్రూలు దూలాల్లోకి దించడం మీదే, అవి చూసి మన ఇటుక గోడకు డ్రిల్లు ఎంచుకోలేం. పైగా చాలా చార్జర్లు 120 వోల్టులకే చేసినవి. మన 230లో పెడితే ఆ చార్జరు ఆయువు అక్కడితో తీరుతుంది. చార్జరు వెనక 100 నుంచి 240 అని ఉంటేనే తెప్పించండి. డ్రిల్లు చెక్-ఇన్ పెట్టెలో, విడి బ్యాటరీలు చేతి సంచిలో రావాలన్నది విమానాల నియమం, 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. చెడిపోతే అక్కడి వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు.

కిట్టుతో వచ్చే బిట్లను నమ్ముకోవద్దు. నూరు ముక్కల కిట్టు అని మురిపించేవాటిలో బిట్లు మెత్తగా ఉండి రెండో చిల్లుకే మొండిబారతాయి, జనం దాన్ని డ్రిల్లు చేతకానితనం అనుకుంటారు. మొన మీద కార్బైడ్ ముక్క అతికిన గోడ బిట్లు 6, 8 మిల్లీమీటర్లవి రెండేసి, చెక్కకు, ఇనుముకు పనికొచ్చే హెచ్‌ఎస్‌ఎస్ బిట్లు నాలుగు విడిగా కొనుక్కోండి. టైల్స్‌కు బల్లెం మొన ఉండే బిట్టు వేరే ఉంటుంది. టైలు దాటేదాకా దెబ్బ ఆపేసి, మెల్లగా, తడి చేస్తూ తిప్పాలి. ప్లగ్గు 6 అయితే బిట్టూ 6. బిట్టుకు ప్లగ్గు పొడవు కన్నా కాస్త ఎక్కువ దూరంలో టేపు చుట్టుకుంటే ఎంత దిగిందో తెలుస్తుంది. చిల్లులో పొడి ఊదేశాకే ప్లగ్గు దించాలి, పొడి మిగిలితే సగంలోనే ఆగుతుంది.

ఇంతకీ ఎవరు ఏది కొనాలి? ఇటుక ఇల్లు, ఫ్లైయాష్ ఇల్లు అయితే పేరున్న 12 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్లు, రెండు బ్యాటరీలతో, మూడో మెట్టులోది. అయిదు వేలకు అటూ ఇటూ పెడితే దొరికే ఈ తరగతిదే తెలుగు ఇళ్లలో ఎక్కువ వాటికి సరైనదని నా నమ్మకం. చేతికి తేలిక, నిచ్చెన మీద అలసట ఉండదు, ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ఇబ్బంది లేకుండా వాడొచ్చు. ఏఏసీ ఇంటికి దెబ్బ అవసరం లేదు, తిప్పేది చాలు, ఆ మేరకు ఖర్చూ కలిసొస్తుంది. గోడలన్నీ కాంక్రీటైన టవర్లలో ఉండేవాళ్లు అయిదు వేల కార్డ్‌లెస్‌తో గోడ పని ఆశించొద్దు. స్క్రూలకు ఒక చిన్న కార్డ్‌లెస్ ఉంచుకుని, ఏడాదికోసారి వచ్చే గోడ పనులన్నీ పోగుచేసి రోటరీ హ్యామర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను ఒక పూట పిలిపించుకోవడమే చవక. లేదా నలుగురు కలిసి ఒక తీగ రోటరీ హ్యామర్ కొని అపార్టుమెంటు ఆఫీసులో పెట్టుకోవచ్చు.

తీగ ఉన్న మామూలు ఇంపాక్ట్ డ్రిల్లును ఇక్కడ మరవకూడదు. రెండు, రెండున్నర వేలకు 500, 600 వాట్ల పేరున్న మిషన్ వస్తుంది. అదే ధర కార్డ్‌లెస్ కన్నా గోడలో ఎన్నో రెట్లు మేలు. బ్యాటరీ పోయే బాధ లేదు, పదేళ్లు అటక మీద ఉన్నా తీసిన రోజున తిరుగుతుంది. బడ్జెట్ మూడు వేలు దాటదు, పని గోడదే అంటే కార్డ్‌లెస్ మాట మరిచి దీన్ని కొనండి. ఈ సలహా చెప్పని సమీక్షలు చాలా ఉన్నాయి.

ఏ డ్రిల్లుతోనైనా స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన గానీ, అడ్డంగా అదే వరసలో గానీ చిల్లు వేయొద్దు, గోడలో తీగలు ఆ దారుల్లోనే పోతాయి. గీజరు, కుళాయి ఉన్న గోడలో నీళ్ల పైపులూ అంతే. కళ్లద్దాలు పెట్టుకోవాలి. చున్నీ, పైట, జడ తిరిగే చక్‌కు దూరంగా ఉండాలి. చేతి తొడుగు కూడా వద్దు, అది చుట్టుకుంటే వేలు లాగేస్తుంది.

మన ఎండలకు బ్యాటరీ విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. మే నెలలో ఎండకు నిలిపిన కారు డిక్కీలో, రేకుల షెడ్డులో ఉంచొద్దు. పని ముగిసిన వెంటనే వేడి బ్యాటరీని చార్జింగుకు పెట్టకుండా అరగంట చల్లారనివ్వాలి. పాత నికెల్ బ్యాటరీల రోజుల అలవాటుతో పూర్తిగా ఖాళీ చేయడమూ వద్దు. నెలల తరబడి పక్కన పెట్టేటట్టయితే సగం చార్జితో, మిషన్ నుంచి ఊడదీసి, చల్లని అల్మారాలో పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి చూసుకోవాలి. ఉబ్బినా, పడి పగిలినా ఇక చార్జింగు పెట్టకూడదు. అలాంటిదాన్ని తడి చెత్త, పొడి చెత్త బండిలో వేస్తే లారీలోనే నిప్పంటుకోవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. పేరున్న కంపెనీల సర్వీస్ సెంటర్‌లో గానీ, ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలో గానీ, కొసలకు టేపు అంటించి అప్పగించండి.